వెనక టైరు ఎంత వెడల్పు పడుతుంది: మొదటి తరం కమారోలో 275 నుంచి 335 దాకా

1967 నుంచి 1969 దాకా వచ్చిన మొదటి తరం షెవర్లే కమారో అనే అమెరికన్ కారుకి ఫ్యాక్టరీలో వేసింది మామూలుగా 14 అంగుళాల రిమ్మే. దాని వెడల్పు ఐదు, ఆరు, మహా అయితే ఏడు అంగుళాలు. జెడ్28 అనే వేగమైన మోడల్‌కి మాత్రం 15 అంగుళాలది వచ్చేది. అదే బండికి ఇవాళ వెనక 275, 315, చివరికి 335 మిల్లీమీటర్ల టైర్లు కూడా ఎక్కిస్తున్నారు. ఎక్కించడం సాధ్యమే. చిక్కంతా పని చేసే వరసలో ఉంది. ముందు కంటికి నచ్చిన రిమ్ములు కొంటారు, తర్వాత వాటికి టైర్లు కొంటారు. అవి ఒరుసుకుంటున్నాయని తెలిశాక మడ్‌గార్డు అంచు కొట్టిస్తారు. అదీ చాలకపోతే చక్రాన్ని హబ్ (చక్రం బిగించే చోటు) నుంచి ఎడంగా జరిపే స్పేసర్లు, గాలి నింపి బండి వెనక భాగాన్ని లేపే ఎయిర్ షాకులు. జరగాల్సింది దీనికి తలకిందులు. ముందు బాడీలో ఉన్న చోటు కొలవాలి. ఆ చోటుకి టైరు, టైరుకి రిమ్ము, రిమ్ముకి యాక్సిల్. డబ్బు తీయాల్సింది ఈ లెక్క తేలిన తర్వాతే.

ఇంకో మాట కూడా ముందే తేల్చుకోవాలి: వెడల్పు దేనికి? టైరు రోడ్డుని తాకే చోటు వైశాల్యాన్ని ప్రధానంగా నిర్ణయించేది దాని మీద పడే బరువూ, లోపలి గాలి ఒత్తిడీ. వెనక ఒక్కో చక్రం మీద 725 పౌండ్లు పడుతూ, గాలి 28 పీఎస్ఐ ఉంటే ఆ వైశాల్యం సుమారు 26 చదరపు అంగుళాలు. ట్రెడ్ ఎనిమిది అంగుళాలైతే ఆ ముద్ర పొడవు మూడంగుళాల పైచిలుకు, పది అంగుళాలైతే రెండున్నర పైచిలుకు. అంటే వెడల్పు పెంచినంత మాత్రాన పట్టు అదే లెక్కలో పెరగదు, ముద్ర ఆకారం మారుతుంది. మలుపుల్లో అది మేలు చేస్తుంది, వేడి కూడా ఎక్కువ రబ్బరు మీదికి పంచుకుంటుంది. మెత్తటి రబ్బరుతో చేసిన మంచి టైర్లు వెడల్పాటి సైజుల్లోనే ఎక్కువగా దొరకడం దీనికి తోడు. సిగ్నల్ దగ్గర నుంచి సూటిగా దూకడమే కావాలంటే మాత్రం వెడల్పు కన్నా ఎత్తయిన, మెత్తటి సైడ్‌వాల్ (పక్కగోడ) ఉన్న టైరు ఎక్కువ పని చేస్తుంది. డ్రాగ్ స్ట్రిప్‌కి (సూటి దారి రేసుకి) వెళ్లేవాళ్లు నేటికీ 15 అంగుళాల రిమ్ము వదలకపోవడానికి ఒక కారణం ఇదే.

275 అన్నీ ఒకటి కావు

టైరు మీద రాసే 275 అనే అంకె సైడ్‌వాల్ నుంచి సైడ్‌వాల్‌కి ఉన్న వెడల్పు. అదీ టైరు కంపెనీ కొలిచిన ఫలానా రిమ్ము మీద మాత్రమే. రిమ్ము అరంగుళం పెరిగితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తగ్గితే అంతే తగ్గుతుంది. రిమ్ము వెడల్పుగా చెప్పే అంకె కూడా లోపలి కొలతే, టైరు అంచు కూర్చునే చోటు నుంచి చోటుకి. బయటి పెదవులు కలుపుకుంటే దాదాపు ఒక అంగుళం ఎక్కువ ఉంటుంది. ఎనిమిది అంగుళాల రిమ్ము నిజానికి తొమ్మిది అంగుళాల వస్తువు.

ఇక బ్యాక్‌స్పేసింగ్. రిమ్ముని బోర్లా పడుకోబెట్టి, లోపలి పెదవి మీద ఒక బద్ద అడ్డంగా పెట్టి, దాని నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా కొలిస్తే వచ్చేదే అది. ఆఫ్‌సెట్ మిల్లీమీటర్లలో ఇస్తే దాన్ని 25.4తో భాగించి, రిమ్ము మొత్తం వెడల్పులో సగానికి కలపాలి. 9.5 అంగుళాల రిమ్ముకి ఆఫ్‌సెట్ ప్లస్ 6 ఉంటే: మొత్తం 10.5, అందులో సగం 5.25, దానికి 0.24 కలిపితే దాదాపు ఐదున్నర.

ఇప్పుడు ఒకే 275ని రెండు రిమ్ముల మీద చూస్తే తేడా తెలుస్తుంది. 275/60 ఆర్15 టైరుని (60 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 60 శాతం, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో) 15×8 రిమ్ము మీద, నాలుగున్నర బ్యాక్‌స్పేసింగ్‌తో వేస్తే, టైరు 10.83 అంగుళాలు, రిమ్ము 9 అంగుళాలు. అంటే టైరు ప్రతి పక్కా 0.9 అంగుళం బయటికి ఉబ్బుతుంది. హబ్ ముఖం నుంచి లోపలికి 5.4, బయటికి 5.4. అదే 275/35 ఆర్18ని 18×9.5 రిమ్ము మీద, ఐదున్నర బ్యాక్‌స్పేసింగ్‌తో వేస్తే లోపలికి 5.66, బయటికి 5.16. పావంగుళం లోపలికి జరిగింది. మొదటి తరం కమారోలో ఆ పావంగుళమే మడ్‌గార్డు అంచుకి తగలకుండా కాపాడేది. అందుకే బాడీ కోయకుండా, ఫ్యాక్టరీ యాక్సిల్‌తో 275 వేయాలనుకునేవాళ్లు ఎక్కువగా స్థిరపడేది ఈ 9.5 రిమ్ము, ఐదున్నర బ్యాక్‌స్పేసింగ్ జోడీ దగ్గరే. పైగా 275/60 ఆర్15 ఎత్తు 28 అంగుళాలు, 275/35 ఆర్18ది 25.6 మాత్రమే. ఎత్తు తక్కువైతే టైరు అత్యంత వెడల్పుగా ఉండే చోటు కూడా మడ్‌గార్డు అంచు కన్నా కిందే ఉంటుంది.

వెడల్పాటి టైరుని ఇరుకు రిమ్ము మీద ఎక్కించడం పాత బళ్లలో తరచూ కనిపించే పొరపాటు. చూడ్డానికి లావుగా కనిపిస్తుంది గానీ ట్రెడ్ మధ్యలో వంపు తిరిగి, మధ్యభాగం ముందే అరిగిపోతుంది, మలుపులో సైడ్‌వాల్ పక్కకి ఒరుగుతుంది. ఏ టైరుకైనా కంపెనీ ఇచ్చే రిమ్ము వెడల్పు హద్దులు ఉంటాయి. ఆ హద్దుల్లో మధ్యలో ఉండేది ఎంచుకోవడం క్షేమం.

కొలవడం

ఫోన్ మీద ఎవరో చెప్పిన సైజు నమ్మడానికి వీల్లేని పని ఇది. ఆ కాలపు బళ్లలో ఎడమ క్వార్టర్ ప్యానెల్‌కీ (వెనక చక్రం చుట్టూ ఉండే బాడీ రేకుకీ) కుడిదానికీ పావంగుళం తేడా ఉండటం మామూలే. మధ్యలో ఎప్పుడో దెబ్బ తగిలి కొత్త ప్యానెల్ వేసిన బండైతే ఇంకా ఎక్కువ ఉండొచ్చు. యాక్సిల్ కూడా సరిగ్గా మధ్యలో కూర్చుని ఉండాలని రూలేం లేదు. బండికి టైరు ఒకవైపే ఒరుసుకుంటోందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

బండిని మట్టమైన నేల మీద, దాని బరువు చక్రాల మీదే ఉండేలా నిలపాలి. జాకీ మీద వేలాడే యాక్సిల్ దగ్గర తీసుకున్న కొలత ఎందుకూ పనికిరాదు. పెట్రోలు సగం ట్యాంకు ఉంచి, డిక్కీలో స్టెప్నీ మామూలుగా ఉండే చోటే పెట్టాలి. మడ్‌గార్డు అంచు నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, అది తాకిన చోట నేల మీద గీత గీయాలి. రెండు వైపులా అలాగే. రెండు గీతల మధ్య దూరం బయటి హద్దు. ఆ గీత నుంచి హబ్ ముఖం దాకా ఉన్న దూరం ప్రతి పక్కా విడిగా రాసుకోవాలి. రెండు అంకెల్లో తేడా ఉంటే దాన్ని ఎక్కడ సర్దాలో ఇక్కడే నిర్ణయించుకోవాలి.

లోపలి హద్దు కాస్త ఓపిక అడుగుతుంది. హబ్ ముఖం నుంచి వీల్‌హౌస్ (చక్రాన్ని కప్పే రేకు గూడు) గోడ దాకా, ఆ వెనక ఫ్రేము రైలు (బాడీ కింద పొడవునా ఉండే పెట్టెలాంటి దూలం) దాకా, కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) దాకా, సైలెన్సర్ గొట్టం దాకా నాలుగు కొలతలు. ఇవన్నీ ఒకే ఎత్తులో ఉండవు. టైరు చుట్టుకొలత ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆ వలయం వెంబడి, కనీసం 9 గంటలు, 12 గంటలు, 3 గంటల చోట్ల చూడాలి. ఆపైన కమాను పట్టీలు విప్పి, యాక్సిల్‌ని జాకీతో బంప్ స్టాప్ (యాక్సిల్ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) దాకా లేపి మళ్లీ కొలవాలి. ఒక పక్క మాత్రమే లేపి కూడా చూడాలి. బండి గుంతలో పడ్డప్పుడు జరిగేది అదే, అప్పుడు టైరు తల లోపలికి వాలుతుంది.

ఖాళీ ఎంత వదలాలి? మడ్‌గార్డు అంచు వైపు అరంగుళం. వీల్‌హౌస్, రైలు వైపు అరంగుళం. కమాను పట్టీల బండికి లోపల ముప్పావు అంగుళం ఉంటే మంచిది. రబ్బరు బుష్‌ల మీద కూర్చున్న పట్టీలు మలుపులో మెలికపడి, యాక్సిల్ పక్కకి జరుగుతుంది కాబట్టి. యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డో, వాట్స్ లింకో వేసిన బండికి ఈ ఖాళీ కొంత తగ్గించుకోవచ్చు. డ్రాగ్ స్లిక్కులు (గాళ్లు లేని రేసు టైర్లు) వేసేవాళ్లు మాత్రం పైన అదనంగా వదలాలి, వేగంలో అవి ఉబ్బి ఎత్తు పెరుగుతాయి.

మడ్‌గార్డు అంచు మడత

బయట పావంగుళం చాలకపోతే అంచు లోపలికి మడవడం మొదటి మార్గం. హబ్‌కి బిగించే రోలర్ పరికరంతో, పెయింటుని హీట్ గన్‌తో వెచ్చబెడుతూ, కొద్దికొద్దిగా నాలుగైదు దఫాల్లో మడవాలి. ఒక్క దెబ్బకి మడిస్తే క్వార్టర్ ప్యానెల్ పైభాగం బయటికి ఉబ్బి అల తేలుతుంది. పుట్టీ ఎక్కువున్న ప్యానెలైతే వెచ్చబెట్టినా పగులుతుంది, అక్కడ పెయింటు పని తప్పదని ముందే అనుకోవాలి.

గ్రైండర్‌తో అంచు కోసేయడం ఇంకో సంగతి. ఈ అంచు ఒట్టి రేకు మడత కాదు. క్వార్టర్ ప్యానెల్, బయటి వీల్‌హౌస్ రెండూ కలిసి స్పాట్ వెల్డ్ అయ్యే అతుకు అది. కోసేస్తే ఆ వెల్డులు పోతాయి, రెండు రేకులూ విడిపోతాయి. సందులోంచి నీళ్లు, బురద ప్యానెల్ లోపలికి చేరి, రెండు మూడు వానాకాలాల్లో బయటికి తుప్పు బుడగలు లేస్తాయి. కోయాల్సి వస్తే కొద్ది కొద్ది దూరం కోస్తూ, వెంటనే అంచు వెంబడి వెల్డు చుక్కలు పెట్టి, చివర సీమ్ సీలర్ పూయాలి.

బండి వెనక భాగాన్ని పొడవాటి షాకిల్స్‌తో (పట్టీ చివరని బాడీకి కలిపే ముక్కలతో), ఎయిర్ షాకులతో లేపి చోటు సంపాదించడం 1970లలో బాగా నడిచింది. ఎయిర్ షాకు పెట్టినప్పుడు బండి బరువు మోయాల్సింది షాకు పిన్ను బిగించిన సన్నటి రేకు. ఆ పని కోసం చేసింది కాదది. ఇక పినియన్ (ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు యాక్సిల్‌లో తిప్పే గేరు) కోణం మారి యూనివర్సల్ జాయింట్లు అరుస్తాయి. ఫొటోకి బాగుంటుంది, అంతకు మించి దానికి చెప్పుకోదగ్గ గుణం లేదు.

యాక్సిల్ కురచ చేయడం

బయట హద్దు దాటకుండా లోతైన రిమ్ము వేయాలంటే యాక్సిల్ కురచ కావాలి. లెక్క సూటిగానే ఉంటుంది. ఉదాహరణకి నేల మీది రెండు గీతల మధ్య 71 అంగుళాలు వచ్చాయనుకుంటే, ఇటూ అటూ అరంగుళం వదిలితే టైర్ల బయటి అంచు నుంచి అంచుకి 70. పైన చెప్పిన 18×9.5 రిమ్ముకి బయటికి 5.16 కాబట్టి, 70 లోంచి 10.32 తీసేస్తే హబ్ ముఖం నుంచి ముఖానికి 59.7 ఉండాలి. ఫ్యాక్టరీ కమారో యాక్సిల్ దాదాపు ఇంతే, 60 అంగుళాల చిల్లర. అదే బండికి 335/30 ఆర్18ని 18×12 రిమ్ము మీద, ఏడు అంగుళాల బ్యాక్‌స్పేసింగ్‌తో వేయాలంటే బయటికి 6.1 వస్తుంది, యాక్సిల్ 57.8కి తగ్గాలి. డ్రమ్ము తీసి డిస్క్ బ్రేకులు పెట్టబోతుంటే ముందు అది చేయాలి. రోటర్ టోపీ మందం డ్రమ్ము మందం కన్నా తేడాగా ఉండి హబ్ ముఖం బయటికి జరుగుతుంది, పక్కకి పావంగుళం దాకా కూడా. ఈ ఒక్కటి మరిచి, కొత్తగా చేయించిన యాక్సిల్‌ని మళ్లీ కోయించుకున్న బిల్డులు తక్కువేం కావు.

ఫ్యాక్టరీ యాక్సిల్నే కోయించాలా, కొత్తది వేయాలా? బండిలో ఉన్నది 8.2 అంగుళాల క్రౌన్ గేరు ఉన్న 10 బోల్టుదైతే దాని మీద కోత ఖర్చు దండగ. 12 బోల్టుది గట్టిదే, 8.875 అంగుళాల క్రౌన్, 30 స్ప్లైన్ (చివర గాళ్లు) ఉన్న యాక్సిల్ షాఫ్టులు. కానీ రెంటిలోనూ యాక్సిల్ షాఫ్టుని పట్టి ఉంచేది లోపలి చివర ఉండే సీ క్లిప్పు. షాఫ్టు విరిగితే చక్రం, డ్రమ్ముతో సహా బండి నుంచి బయటికి జారిపోతుంది. పట్టున్న వెడల్పాటి టైర్లు వేసి ఆ అవకాశం పెంచుకోవడం తెలివి కాదు. ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌లో బేరింగ్ షాఫ్టు మీదే ప్రెస్ అయి, బయట ప్లేటుతో బిగుస్తుంది కాబట్టి ఈ భయం లేదు. 31 లేదా 35 స్ప్లైన్ షాఫ్టులతో, కావలసిన కొలతకి తయారు చేసి ఇచ్చేవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు. అందులో పినియన్ మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. కాబట్టి ఎడమ కుడి షాఫ్టుల పొడవులు మామూలుగా వేరువేరు. ఆర్డరు ఇచ్చేటప్పుడు మొత్తం వెడల్పు చెప్పి ఊరుకోకుండా, పినియన్ మధ్యగీత నుంచి ప్రతి పక్కకీ కొలత ఇవ్వాలి.

హౌసింగ్ కోసి కొత్త చివరలు అతికేటప్పుడు, బేరింగ్ చోట్లలో సరిగ్గా పట్టే, మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్లలు పెట్టి, వాటి గుండా నిటారైన లావు కడ్డీ దూర్చి ఉంచాలి. వెల్డు అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా, ఎదురెదురు చోట్ల వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి. కడ్డీ చేత్తో తిప్పితే తిరగాలి. బిగుసుకుంటే ట్యూబు వంగిందని అర్థం. వంగిన హౌసింగ్‌లో సీళ్లు నిలవవు, బేరింగులు త్వరగా పోతాయి. కమాను పట్టీల దిండ్లు చిట్టచివర, యాక్సిల్‌ని బండి కింద పెట్టి, బండి మామూలు ఎత్తులో నిలిపి, పినియన్ కోణం సరిచూసుకున్నాక అతకాలి. పట్టీలు యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మెలికపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, కాబట్టి నిలకడలో అది కాస్త కిందికి చూస్తూ ఉండాలి.

టబ్బు జరపడం

275కీ 335కీ మధ్య తేడా 60 మిల్లీమీటర్లు, అంటే 2.36 అంగుళాలు. బయట చోటు లేదు కాబట్టి అదంతా లోపలికే పోవాలి. ఈ రెండంగుళాల పైచిలుకు కోసమే లోపలి వీల్‌హౌస్‌ని (దాన్నే టబ్బు అంటారు) కోసి, లోపలికి జరిపి అతకడం. దీన్నే మినీ టబ్ అంటారు. 1980ల ప్రో స్ట్రీట్ (రేసు బండిలా కట్టి రోడ్డు మీద నడిపే) బళ్లలో వెనక సగం ఫ్రేమంతా తీసేసి, రెండు రైళ్లనీ దగ్గరికి జరిపి కొత్తగా కట్టేవాళ్లు. మినీ టబ్‌లో ఫ్రేము రైలు దాని చోటే ఉంటుంది, కోత చిన్నది.

చిన్నదైనా పని తక్కువ కాదు. ముందు పెట్రోలు ట్యాంకు దించి బండికి దూరంగా పెట్టాలి, లైన్లలో మిగిలిన పెట్రోలు కూడా తీసేయాలి. కమారోలో ట్యాంకు రెండు రైళ్ల మధ్య, వెనక చివర ఉంటుంది, పోసే మూత 1967, 68 బళ్లలో వెనక పలక మధ్యలో బయటికే కనిపిస్తుంది, 1969దానిలో నంబరు ప్లేటు వెనక. టబ్బు పనికి అది అడ్డం రాదు కదా అని వదిలేసి వెల్డింగ్ మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. వెనక సీటు, పక్క ప్యానెళ్లు, డిక్కీ లైనరు, వైరింగ్ తీయాలి. తలుపులు తీసి బండిని స్టాండ్ల మీద పెట్టి కోస్తే బాడీ మెలిక తిరిగే ప్రమాదం ఉంది, బండి బరువు యాక్సిల్ మీదే ఉంచి కోయాలి. స్పాట్ వెల్డు కట్టర్‌తో వెల్డుల పై రేకు మాత్రమే తొలిచి టబ్బు విడదీస్తే, కింది రేకు బాగా మిగిలి మళ్లీ అతకడం సులువు. ఒక పక్క పూర్తిగా అతికి, ఆ తర్వాతే రెండో పక్క కోయాలి. రెండు పక్కలా ఒకేసారి కోసి కూర్చుంటే వెనక గాజు చోటు, డిక్కీ మూత సందులు ఎటు జరిగాయో చివరికి తెలుస్తుంది.

టబ్బు లోపలికి జరిగాక రైలు బయటి గోడ కొంత నొక్కి లేదా కోసి పలక అతకాలి. కోసిన పెట్టె ఆకారాన్ని మూయకుండా వదిలితే రైలు బలం పోతుంది. వెనక సీటు పక్కలు కురచ చేయాలి. డిక్కీ మూత కీళ్లు కొత్త టబ్బుకి తగులుతాయేమో మూసి తెరిచి చూడాలి. హ్యాండ్ బ్రేకు కేబుల్, బ్రేకు పైపు, సైలెన్సర్ గొట్టాల దారి మారుతుంది. గొట్టాల్ని యాక్సిల్ ముందే పక్కకి తిప్పి వదిలేయడం చాలామంది తీసుకునే అడ్డదారి, అది చప్పుడు నేరుగా సీట్లోకి తెస్తుంది. అప్పటికీ కమాను పట్టీలు అడ్డొస్తే వాటిని రైలు కిందికి జరిపే కిట్లు ఉన్నాయి, లేదా పట్టీలు తీసేసి యాక్సిల్‌ని పట్టే నాలుగు లింకులు (కడ్డీలు), చుట్టూ స్ప్రింగు ఉన్న కాయిల్ ఓవర్ షాకులు వేయొచ్చు.

ఈ బళ్లలో ఒకదాన్ని ఇండియాలో పెట్టుకుని ఈ పని తలపెట్టేవాళ్లకి చట్టం అడ్డు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చకుండా ఉన్న బండికే వీఏ అక్షరాల నంబరు ఇస్తాయి. టబ్బు కోస్తే ఆ అర్హత పోతుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న బండికి అందుకే కంపెనీ స్పెసిఫికేషన్ దాటని టైరు, మార్పు లేని బాడీ. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న తెలుగువాడి గ్యారేజీలోని బండికి ఆ బాధ లేదు, అక్కడి రాష్ట్రం వాహన నిబంధనలు చూసుకుంటే చాలు.

ఎక్కించిన తర్వాత

వెనక పట్టు పెరిగితే ఒత్తిడి ఇంకో చోటికి పోతుంది. 1967 కమారోలో కమాను పట్టీ ఒక్కటే రేకు, పైగా షాకులు రెండూ యాక్సిల్‌కి ఒకే వైపు. గట్టిగా నొక్కితే యాక్సిల్ మెలికపడి చక్రాలు ఎగిరెగిరి పడేవి. 1968లో ఒక షాకు ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి, శక్తి ఎక్కువున్న మోడళ్లకి పలు రేకుల పట్టీలు ఇవ్వడం దాని కోసమే. పాత ఒంటి రేకు పట్టీ మీద 275 వేస్తే ఆ ఎగురుడు తిరిగి వస్తుంది, టైరు జారి వదిలేయాల్సిన శక్తిని జాయింట్లు, క్రౌన్ పళ్లు భరిస్తాయి. పట్టీలు మార్చకుండా టైర్లు మార్చడం సగం పని.

ముందు టైర్లు పాతవే ఉంచి వెనక ఒక్కటే పెంచితే, మలుపులో బండి ముక్కు తిరగదు, సూటిగా పోతుంది. వెనక 275కి ముందు 245 దగ్గరలో ఉండాలి. ముందు రేడియల్ టైర్లు, వెనక పాత తరహా బయాస్ ప్లై టైర్లు కలిపి రోడ్డు మీద నడపకూడదు.

ఎత్తు మారితే గేరింగూ మారుతుంది. 26 అంగుళాల టైరుతో 3.73 ఉన్న బండికి 28 అంగుళాలది వేస్తే అది 3.46 లాగా నడుస్తుంది. స్పీడోమీటరు 60 చూపినప్పుడు అసలు వేగం 64న్నర దాకా ఉంటుంది. గేరుబాక్సులో స్పీడో కేబుల్‌కి ఉండే చిన్న ప్లాస్టిక్ గేరుని వేరే పళ్ల లెక్కది వేస్తే సరిపోతుంది, దీనికి పెద్ద ఖర్చు లేదు.

ఫ్యాక్టరీ వీల్ స్టడ్లు 7/16 అంగుళాలవి. యాక్సిల్ ఎలాగూ బయటికి వచ్చింది కాబట్టి 1/2 అంగుళానివి వేయడం మేలు. నట్టు స్టడ్డు మీద కనీసం స్టడ్డు లావంత లోతు మర ఎక్కాలి. పావంగుళం స్పేసర్ పెట్టినచోట ఇది సరిచూడకుండా బండి తీయకూడదు. 80 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి.

చివరి పరీక్షకి సుద్ద చాలు. టైరు లోపలి, బయటి భుజాల మీద సుద్ద గట్టిగా రుద్ది, మడ్‌గార్డు అంచు లోపల, టబ్బు గోడ మీద, పట్టీల మీద మాస్కింగ్ టేపు అతికించాలి. వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్ మీదా, ఖాళీ చోట రెండు వైపులా మలుపుల్లోనూ తిప్పి తెచ్చి టేపు చూడాలి. టబ్బు పైభాగంలో తెల్ల చార ఉంటే బంప్ స్టాప్ పొట్టిగా ఉంది, పొడుగుది వేయాలి. పట్టీల వైపు చార ఉంటే బుష్‌లు మెత్తబడ్డాయి, లేదా బ్యాక్‌స్పేసింగ్ ఎక్కువైంది. ఒక పక్క మడ్‌గార్డు అంచు మీదే చార ఉండి రెండో పక్క టేపు శుభ్రంగా ఉంటే అంచు మడవొద్దు. యూ బోల్టులు వదులు చేసి, పట్టీల మధ్య బోల్టు రంధ్రాల దగ్గర యాక్సిల్ ఎటు జరిగి కూర్చుందో చూడాలి.